ఆ పొద్దుటి పిడికెడు

రెండు వేల ఐదో ఆరో సరిగా గుర్తులేదు. వనపర్తి నుంచి నాగర్‌కర్నూల్ పోయే బస్సులో నా పక్కన కూర్చున్న ముసలాయన ఒళ్లో ఒక గుడ్డసంచి, ఒక రుమాలు మూట ఉన్నాయి. రెండింటిలోనూ బియ్యమే.

నేను సంచి వైపు చూడడం గమనించి ఆయనే చెప్పాడు.

"మా ఇంటామె వండేటప్పుడల్లా దేవునికని ముందుగాల ఒక పిడికెడు తీసిపెడ్తుండె. ఆదివారం చర్చిల ఇస్తుండె. పిల్లలకు గంజి పోసిన కరువుల గూడ తప్పలే. మనుమరాళ్లకు గూడ గదే నేర్పింది. మొన్న బేస్తారం పొద్దుగాల, పొయ్యి ముట్టియ్యకముందే పోయింది. ఇయ్యాల నేను తీస్కపోతున్న. నేనెన్నడు చర్చికి పోలే."

బస్సు ఎన్నింటికని అడిగినంత మామూలుగా ఉంది ఆ గొంతు. తర్వాత రుమాలు విప్పి నా ముందుకు జరిపాడు.

"ఆ పొద్దుటి పిడికెడు తక్కువుంది. నేను తీసి సంచిల పోద్దామంటే నా చెయ్యి పెద్దది. ఆమెది నీ చెయ్యంతనే ఉండె. జర నువ్వు పొయ్యి బిడ్డా."

పోశాను. ఆయన సంచికి ముడి వేసి కిటికీ వైపు తిరిగాడు. ఏడవలేదు. నాకూ ఏమీ అనిపించలేదు.

ఇప్పటికీ డబ్బాలోంచి బియ్యం తీస్తూ ఒక్కోసారి ఆగి నా పిడికిలి చూసుకుంటాను. ఆమెది ఇంతే ఉండేదట.