పున్నమ్మ మోకాళ్లు

గుంటూరు నుంచి అమరావతి వెళ్లే దారిలో, ఒకప్పుడు మిరపచేలున్న చోట ఇప్పుడు గోల్ఫ్ మైదానం ఉంది. అక్కడ కలుపు తీయడం పున్నమ్మ పని. ఆ నేలలోనే ఆమె, భర్త వెంకయ్య పద్నాలుగేళ్లు కౌలుకు మిరప వేశారు. ఆసాములు అమ్ముకున్నారు, కౌలుదారుని ఒక్క మాట అడిగినవాళ్లు లేరు. వెంకయ్య పోయాక ఆ నేల మీదికే ఆమె కూలికి వచ్చింది.

బంతి పడే గుంట చుట్టూ తివాచీలా కత్తిరించిన గడ్డిని గ్రీన్ అంటారు. అందులో కలుపును చేత్తోనే, వేరుతో సహా లాగాలి. పొద్దుటి నుంచీ గొంతుక్కూర్చునే ఉండాలి. చిన్న పీట ఇప్పించమని తోటి కూలి సఫూరా అడిగితే, పీట కాళ్లకు గడ్డి గుంటలు పడుతుందని సూపర్‌వైజర్ శ్యామ్ సుందర్ ఆమెను పనిలోంచే తీసేశాడు. ఆ తర్వాత ఆడవాళ్లెవరూ నొప్పి మాట ఎత్తలేదు.

ఆటగాళ్లకు వ్యాయామం నేర్పడానికి ప్రతి శనివారం జయదేవ్ వచ్చేవాడు. మంచివాడే. భుజాలు తిప్పించి, నడుము మెలితిప్పించి, గొంతుక్కూర్చోబెట్టి లేపేవాడు. "బంతి దూరం పోయేది చేతుల బలంతో కాదు సార్. తుంటి వదులుగా తిరగాలి, తొడలు గట్టిగా నిలవాలి," అనేవాడు. ఏళ్ల తరబడి కార్లలో, కుర్చీల్లో గడిపిన పెద్దమనుషులు సగం వంగేసరికి వాళ్ల మడమలు లేచిపోయేవి.

ఒక శనివారం అతని చూపు పున్నమ్మ మీద పడింది.

"అటు చూడండి సార్! మడమలు నేలకే ఉన్నాయి, వీపు వంగలేదు. ఎన్నేళ్లమ్మా నీకు?"

"యాభై ఎనిమిదుంటాయయ్యా."

"ఏ జిమ్ములో నేర్చుకున్నావు?"

"మా అమ్మ చేలో నేర్పింది."

అందరూ నవ్వారు. కూర్చుని లేచి చూపించమన్నారు. ఆమె చూపించింది. చప్పట్లు కొట్టారు.

"ఇంక మాతో ఏం మాట్లాడతావులే అక్కా, సార్లకి పంతులమ్మవైపోయావుగా!" అంది పక్క సాలులో కలుపు తీస్తున్న కరీమున్.

"ఊరుకోవే. నలభయ్యేళ్ల నుంచీ కూర్చుని లేస్తన్నా. ఎవరన్నా చప్పట్లు కొట్టారా?"

ఆ మురిపెమే ఆమె కొంప ముంచింది. ప్రతి శనివారం పిలుపు వచ్చేది. అప్పటికే కుడి మోకాలు లోపల ఇసుక పోసినట్టు గరగరలాడుతోంది. అందుకని శుక్రవారం సాయంత్రం, ఊళ్లో సూదులు వేసే యేసుపాదం దగ్గరికి పోయేది.

"గుజ్జు అరిగిపోయింది పిన్నీ. ఈ సూది నొప్పిని తెలియనీయదు, అంతే. మోకాలిని బాగు చెయ్యదు," అనేవాడతను.

"తెలియకపోతే చాల్లే."

"ఆ జయదేవ్ సారుకి చెప్పరాదా అక్కా?" అని కరీమున్ పోరింది.

"చెబితే? ఇంటికి పోయి సఫూరా పక్కన కూర్చోమంటారు."

ఆటగాళ్ల తుంటి పట్టేస్తే చూడ్డానికి మనిషిని పెట్టారు. ఆ పచ్చికను పచ్చిక చేసే మోకాళ్లను చూడమని ఎవరినీ పెట్టలేదు. ఆ ఖర్చు పున్నమ్మదే, ఆ భయమూ పున్నమ్మదే.

మాఘమాసంలో వీడియో తీయాలన్నారు. ఎంతసేపు కూర్చోగలదో చూద్దామని జయదేవ్ ఫోను ఎత్తిపట్టాడు. పున్నమ్మ కూర్చుంది. పెద్దమనుషులు గొంతు కలిపి లెక్క మొదలుపెట్టారు. ముప్పై దగ్గర ఆమె లేవబోయింది. మోకాలు మాట వినలేదు. మళ్లీ ప్రయత్నించింది. తొడ వణికిందిగానీ ఒళ్లు పైకి రాలేదు. ఏం చెయ్యాలో తోచక నవ్వింది.

"నవ్వుతోంది చూడండి! ఏం స్టామినా అండీ!" అన్నాడొకాయన.

అరవై. డెబ్బై. లెక్క హోరెత్తింది. కళ్లు మసకలు కమ్మి ఆమె రెండు చేతులా నేలను పట్టుకుంది. గుప్పిట్లోకి గడ్డి ఊడొచ్చింది.

"గ్రీన్ పీకేస్తున్నావేంటమ్మా! చెయ్యి తియ్!" అని శ్యామ్ సుందర్ అరిచాడు.

"లేవలేకపోతన్నానయ్యా," అంది పున్నమ్మ.

తొంభై దగ్గర లెక్క ఆగిపోయింది. జయదేవ్ ఫోను పారేసి పరుగెత్తుకొచ్చి చంకల కింద చేతులు వేసి లేపాడు. అతని మొహంలో నెత్తురు చుక్క లేదు.

"ముందే చెప్పొచ్చు కదమ్మా," అన్నాడు.

ఎవరితో చెప్పాలో అతనూ చెప్పలేదు.

పెద్దాసుపత్రిలో డాక్టరు ఎక్స్‌రే ఫిల్ము చూసి, ఇక జన్మలో కింద కూర్చోవద్దన్నాడు. కలుపు, కోత, పత్తి తీత, ఆమెకు తెలిసిన పనులన్నీ ఆ మాటతో పోయాయి. మైదానంలో ఆమె చోటులోకి ఇంకొకామె వచ్చింది.

ఎండలు ముదిరాక, కోల్డ్ స్టోరేజీలో మిరపకాయల తొడిమలు తీయడానికి ఆడవాళ్లు కావాలని తెలిసింది. పున్నమ్మ ఇంట్లోంచి ప్లాస్టిక్ కుర్చీ మోసుకెళ్లింది. కాయల రాశి చుట్టూ అందరూ నేల మీద కూర్చున్నారు. ఆమె కుర్చీలో కూర్చుని ఒళ్లో చేట పెట్టుకుంది. చేట నిండా కాయలు పోసుకోవాలంటే ప్రతిసారీ ఎవరో ఒకరు అందించాలి. గంటలోనే వెనకబడింది.

మేస్త్రి వచ్చి నడుమ్మీద చేతులేసుకుని చూశాడు. "ఏంటి పున్నమ్మా, కలెక్టరమ్మలా కుర్చీ వేశావ్?"

"కింద కూర్చుంటే లేవలేను నాయనా."

"నీకు అందించడానికి ఇంకో మనిషిని పెట్టమంటావా? పోయి ఇంటికాడ రెస్టు తీసుకో."

ఒకామె నవ్వబోయి ఆపుకుంది. మిగతావాళ్లు తలలెత్తలేదు. పున్నమ్మ చేటలోని కాయల్ని రాశి మీద ఒంపింది. చేతుల నిండా కారం, కళ్లు తుడుచుకోవడానికి లేదు. చెంపలు తడుస్తుంటే తడవనిచ్చి, కుర్చీ చంకన పెట్టుకుని, కుడికాలు ఈడ్చుకుంటూ గేటు వైపు నడిచింది.