వానవైపు గోడ

పొద్దున లేవగానే మొహమైనా కడుక్కోకుండా మేస్త్రీ తన ఇంటి వానవైపు గోడ దగ్గరికి వెళ్ళేవాడు. ఇటుకల మధ్య సందుల మీద బొటనవేలు మెల్లగా రాసి, వేలికి అంటిన పొడి చూసుకునేవాడు. తర్వాత అరచెయ్యి గోడకు ఆనించి, కళ్ళు మూసుకుని, లోపల పడుకున్నవాళ్ళను చల్లగా చూడమని దేవుడికి ఒక్క మాట చెప్పుకునేవాడు.

"మామయ్య గోడకు జ్వరం చూస్తున్నారు" అని కోడలు నవ్వేది.

"మనిషైతే ఒళ్ళు కాలుతోందని మూలుగుతాడు. ఇది మూలగదు కదమ్మాయ్, మనమే చూసుకోవాలి" అనేవాడు.

పాత ఇటుక ఇళ్ళ సందుల్లో అరిగిపోయిన సున్నాన్ని గీకి తీసి, కొత్తది కూరి సరిచేసే పనిని టీపు అంటారు. మేస్త్రీ బతుకంతా ఆ పనిలోనే గడిచింది. పక్కన నిలబడి పారతో సున్నం, ఇసుక కలిపి మాలు అందించే పని ఒకప్పుడు ఆయన భార్యది. ఆమె పోయాక ఆ పార కోడలి చేతికి వచ్చింది. ఎవరూ ఆమెకు చెప్పలేదు. ఒకరోజు ముసలాయన ఒక చేత్తో పార, ఒక చేత్తో నిచ్చెన మోసుకుంటూ గుమ్మం దాటబోతే, ఆమె చూడలేక పార అందుకుంది, అంతే. లారీ తోలే భర్త వారానికోసారి ఇంటికి వచ్చినప్పుడు, "నా పెళ్ళాన్ని మా నాన్న పనిలో పెట్టుకున్నాడు" అని మురిసిపోయేవాడు.

మాలు అందిస్తూనే ఆమె పని నేర్చుకుంది. పెరటి గోడ మీద కొన్ని వరుసలు ఆమె చేత చేయించి, "నీ చెయ్యి తొందరపడదమ్మాయ్" అన్నాడు మేస్త్రీ. ఆయన నోట అంతకన్నా పెద్ద మెప్పు ఎవరికీ దొరకలేదు.

కిందటి చలికాలంలో ఆయన చెయ్యి వణకడం మొదలైంది. ముందు టీ గ్లాసులో తెలిసింది, తర్వాత తాపీలో. ఇద్దరూ చూశారు. ఇద్దరూ ఆ మాట ఎత్తలేదు.

అలాంటి రోజుల్లోనే టీచరమ్మ కబురు పెట్టింది. బడిలో పిల్లలకు చదువు చెప్పి రిటైరైన మనిషి, ఒంటరిగా ఉంటుంది. ఆమె పడకగది గోడే వానవైపు గోడ. వాన పడితే మంచం పక్కన చెమ్మ ఎక్కుతోంది.

"ఇప్పుడు చేస్తే ఎన్నాళ్ళుంటుంది మేస్త్రీ?" అని అడిగింది ఆమె.

"ఇటుక మొండిది టీచరమ్మా, వందేళ్ళు దాటినా కదలదు. అరిగేది సందే. నీడపట్టునైతే యాభై అరవై ఏళ్ళు. ఇలా వాన మొహాన కొట్టేచోట ముప్ఫై ఏళ్ళు నిలిస్తే గొప్ప."

"అయితే నా వంతుకు మళ్ళీ పిలిచే పని లేదన్నమాట!"

"పిలవండి. నేను లేకపోయినా పైనుంచి ఎవరో ఒకర్ని తోలుతాను."

సిమెంటు పెడితే ఇంకా గట్టిగా ఉండదా అని ఆమె అడిగితే, మేస్త్రీ తల అడ్డంగా ఊపాడు. "సందు ఇటుకకన్నా మెత్తగా ఉండాలమ్మా. తాగిన నీళ్ళు మళ్ళీ బయటికి పోవాలి. అరిగినా సందే అరగాలి, ఇటుక పగలకూడదు."

పని మొదలైంది. మధ్యాహ్నం అన్నం తిని మేస్త్రీ వరండాలో నడుం వాల్చాడు. పొద్దుట ఆయన చేసిన వరుసల మీద కోడలు నీళ్ళు చల్లుతూ గోరుతో ఒకచోట గీరింది. సందు పొడవునా పెచ్చు లేచి చేతిలోకి వచ్చేసింది. వెనకాల అంతా డొల్ల. వణికే చెయ్యి మాలును లోపలికి కూరలేక పైపైన పులిమేసింది. చూడ్డానికి అచ్చం మంచి పనిలాగే ఉంది. ముప్ఫై ఏళ్ళు ఎక్కడ, రెండు వానలు తట్టుకుంటే గొప్ప!

ఆమె వరండా వైపు చూసింది. చెబితే ఆయన తాపీ కింద పెట్టేస్తాడు. భార్య పోయిన ఏడాది ఆయన్ను మంచం పట్టకుండా నిలబెట్టింది ఈ పనే. చెప్పకపోతే టీచరమ్మ మంచం పక్కన మళ్ళీ చెమ్మ.

ఆయన లేచేలోగా ఆ వరుసలన్నీ తీసి, సందు తడిపి, మాలు కొంచెం కొంచెంగా లోపలికంటా కూరి, తడి గోనెపట్టా కప్పేసింది. అప్పటి నుంచి రోజూ అదే పని. మూడోరోజు తలెత్తి చూస్తే కిటికీలో టీచరమ్మ! చేతిలో తాపీతో కోడలు బిగుసుకుపోయింది. టీచరమ్మ వరండాలోకి వెళ్ళి, కదులుతున్న మేస్త్రీతో, "ఇంకా ఎండ దిగలేదు, కాసేపు పడుకో నాయనా" అంది. ఆ మర్నాటి నుంచి భోజనం కాగానే ఆయన తలకింద ఒక దిండు కూడా పెట్టేది. ఇలాంటి మనసుల్ని అక్కడక్కడా ఉంచే దేవుడు లోకాన్ని నడుపుతున్నాడు.

గోడ సగానికి వచ్చిన రోజున మేస్త్రీ పడుకోలేదు. నీళ్ళ చెంబు తీసుకుని తనే గోనెపట్టా ఎత్తాడు. కోడలు పరుగున వచ్చేసరికి ఆయన బొటనవేలు సందు మీద ఉంది. తాపీ పిడితో నిన్నటి వరుస మీద కొట్టాడు. గట్టిగా పలికింది. ఈ పొద్దుటి వరుస మీద కొట్టాడు. డొల్లగా పలికింది. చెవి ఆనించి మళ్ళీ కొట్టాడు.

"మామయ్యా..."

"అమ్మాయ్, నిన్నటిది నా చెయ్యి కాదు."

ఆమె తలదించుకుంది. "మీ పేరు పోతుందని..."

"నా పేరు గోడ మీద రాసి ఉందా? ఆ పక్కన పడుకునేది ఆవిడ." గట్టిగానే అన్నా, ఆయన కళ్ళు తడిగా ఉన్నాయి. "కోపమొచ్చిందనుకుంటున్నావా? నేను చచ్చాక కదా ఇంత బాగా చేస్తావనుకున్నాను. బతికుండగానే చూశాను."

కోడలు ఏడుస్తూనే నవ్వింది. మేస్త్రీ బోర్లించిన తట్ట మీద కూర్చుని, తాపీని ఒళ్ళో పెట్టుకుని, చాలాసేపు ఆ గోడ వంక చూశాడు. కిటికీలో టీచరమ్మ నీడ కదిలి లోపలికి తప్పుకుంది.

"ఒక సాయం చేసిపెడతావా తల్లీ?" అన్నాడు చివరికి, తాపీని పిడి వైపు ఆమెకు అందిస్తూ. "నన్ను ఇంట్లో కూర్చోబెట్టకు. పార పట్టే చెయ్యి వణికితే మాలుకేం నష్టం లేదు, ఇంకా బాగా కలుస్తుంది. రేపట్నుంచి నన్ను నీ దగ్గర పనిలో పెట్టుకో."