సోయా సాస్‌తో రాసిన నా చైనీసు చదువు

ఆ రోజుల్లో కడప జిల్లా నుంచి కువైట్ వెళ్ళిన మాలాంటివాళ్ళకు అరబ్బీ దానంతటదే వచ్చేది, తిట్లతో మొదలై సెలవు అడగడం దాకా వచ్చి ఆగిపోయేది. కువైట్ వెళ్ళి చైనీసు భాష చదువుకున్నవాణ్ణి మాత్రం బహుశా జిల్లా మొత్తానికి నేనొక్కణ్ణే. (ఇది గొప్పగా చెప్పడం లేదు, వింటే మీకే తెలుస్తుంది.) నేను వెళ్ళింది హవల్లీలో ఒక చైనా హోటల్లో గిన్నెలు తోమడానికి. అక్కడి వంటమాస్టరు యాభై ఏళ్ళ చైనా మనిషి. బయట ముక్కలు ముక్కలుగా అరబ్బీ మాట్లాడేవాడుగాని, పొయ్యి ముందు నిలబడితే తన భాష తప్ప ఇంకోటి నోట రాదు. ఆ భాష తెలియనివాణ్ణి పొయ్యి దగ్గరికి రానివ్వడు. గిన్నెల తొట్టికీ పొయ్యికీ మధ్య దూరం ఆరడుగులు. ఆ ఆరడుగులు దాటడానికి నేను ఇరవై రెండేళ్ళ వయసులో ఆయన దగ్గరే అక్షరాభ్యాసం చేసుకున్నాను.

కొత్త నోటుపుస్తకం కొని, మా ఇంట్లో చేసినట్టే పైన శ్రీ రాసి, నాలుగు మూలలకూ పసుపు పెడదామంటే ఆ వంటింట్లో పసుపు లేదు. కర్రీ పౌడర్ ఉంది. అదే తడిపి పెట్టాను. గురువుగారు ఇదంతా శ్రద్ధగా చూసి, ఒక మూల వేలితో తాకి నాలుకకు రాసుకుని, ఉప్పు లేదన్నాడు. నాతో పాటు గదిలో ఉండే రాయచోటి మామ (వరసకు మామ, ఒక అరబ్బు ఇంట్లో డ్రైవరు) ఆ పుస్తకం చూసి తల పట్టుకున్నాడు. "ఏందిరా అబ్బీ, అరబ్బీనే సరింగా రాదు నీకు. ఈ చైనా బాస ఏం కూడు పెడ్తాదిరా?" అన్నాడు.

చదువు రెండు నెలలైనా సాగకముందే, 1990 ఆగస్టులో ఒక పొద్దున లేచి చూస్తే మా వీధి చివర ఇరాకు ట్యాంకు నిలబడి ఉంది. మా కఫీల్, అంటే నాకు వీసా ఇచ్చిన హోటల్ యజమాని, కుటుంబంతో సహా సౌదీకి దాటేశాడు. హోటల్ మూతపడింది. నూడుల్స్ సంచులూ, సాస్ సీసాలూ, గురువుగారూ, నేనూ మిగిలాం. ఊరంతా భయంతో వణుకుతుంటే మా బడి మాత్రం మొదటిసారి టైము ప్రకారం నడిచింది. పెన్నులో ఇంకు అయిపోయింది, కొందామంటే షాపులు లేవు. గురువుగారు నూనె రాసే కుంచెను సోయా సాస్‌లో ముంచి రాయడం మొదలుపెట్టాడు. అక్షరాలు నల్లగా, ముత్యాల్లా ఉండేవి. ఆకలి వేసినప్పుడు మాత్రం ఆ పేజీలు చదవడం కష్టమయ్యేది. పాఠాలన్నీ హోటలువే. "జిన్‌థియెన్ మేయ్ యౌ యూ", అంటే ఈరోజు చేప లేదు. కారం వేయమంటారా వద్దా. ఆ బల్ల తుడవండి. రొట్టెల కోసం గంటల తరబడి లైనులో నిలబడి నేను ఇవి వల్లె వేస్తుంటే, ముందున్నవాళ్ళు పాపం మతి పోయిందనుకుని నన్ను ముందుకు పంపేవాళ్ళు.

పరదేశీయుల్ని దేశం దాటించే బస్సుల్లో ముందుగా చైనావాళ్ళది వచ్చింది. గురువుగారు మూట కట్టుకుని, చివరి పేజీలో రెండే అక్షరాలు రాసిచ్చాడు. మాన్ జౌ. హోటల్ నుంచి వెళ్ళే మనిషితో వాళ్ళు అనే మాటట, మెల్లగా వెళ్ళు అని. మనం పోయిరమ్మంటామే, అలాంటిది. నాకు దుఃఖం ఆగలేదు. ఒంగి ఆయన కాళ్ళకు మొక్కబోయాను. నాదేదో కింద పడిపోయిందనుకుని ఆయనా వెతకడానికి ఒంగాడు. ఇద్దరి తలలూ గట్టిగా గుద్దుకున్నాయి. నా గురుదక్షిణ అదే.

వారానికి మా వంతు వచ్చింది. పాస్‌పోర్టులు ఎవరి కఫీల్ దగ్గర వాళ్ళవే ఉండిపోయాయి. ఎంబసీ ఇచ్చిన ఒక్క కాగితం పట్టుకుని నేనూ మామా బస్సెక్కాం. బాగ్దాదు మీదుగా జోర్డాను చేరితే అక్కడి నుంచి బొంబాయికి విమానం. ఆ పుస్తకం పారేయమని మామ దారంతా పోరుపెట్టాడు. అక్షరం ఉన్న కాగితం పారేయడం మా ఇంటావంటా లేదని నేను వినలేదు. సరిహద్దు దగ్గర ఇరాకు సిపాయిలు సంచులు వెతికారు. అందరివీ చీరలూ గిన్నెలూ. నాది విప్పితే పేజీ నిండా చైనా అక్షరాలు, పక్కనే తెలుగులో అర్థాలు. మీసాల అధికారి నన్ను కిందికి దించి, చేతులు పైకెత్తించి, ఈ రహస్య లిపి ఎవరికోసమని అడిగాడు. చైనీసు నేర్చుకుంటున్నానని ఉన్నమాట చెప్పాను. గిన్నెలు తోమే ఇండియావాడు, యుద్ధంలో, కువైట్‌లో, చైనీసు. అతని ముఖం చూస్తే నాకే నమ్మకం పోయింది. అతను పేజీ వాసన చూసి, ఇంకా అనుమానంగా, పుస్తకాన్ని విసిరేశాడు. బస్సు డ్రైవరు యల్లా యల్లా, తొందరగా అని హారన్ కొడుతున్నాడు. నన్ను వదిలేసి వెళ్తాడని అర్థమై అటు తిరగబోయాను. ఆ కంగారులో నా కాలు పుస్తకానికి తగిలింది.

ఇక చిన్నప్పటి అలవాటు ఊరుకుంటుందా! ఎత్తిన చేతులు దించేసి, ఒంగి, పుస్తకం తీసి రెండు కళ్ళకూ అద్దుకున్నాను. చుట్టూ తుపాకులన్నీ ఒక్కసారి నా వైపు లేచాయి. తర్వాత ఎందుకో మెల్లగా దిగాయి. అధికారి గొంతు తగ్గించి, ఇది మీ మతగ్రంథమా అని అడిగాడు. నేను నోరు తెరిచేలోపే బస్సు కిటికీలోంచి మామ, అవును, మా దేవుడి పుస్తకం, చాలా మహిమగలది అని వచ్చీరాని అరబ్బీలో అరిచాడు. నిజం చెబితే నమ్మనివాళ్ళు ఆ అబద్ధాన్ని తడుముకోకుండా నమ్మారు. అయితే చదువు అన్నాడు అధికారి.

"సదువురా అబ్బీ, నిలపొద్దు. నిలిపితే ఈడనే పూడుస్తారు మనల్ని" అన్నాడు మామ తెలుగులో. మా ఊరి చెక్కభజన రాగం ఎత్తుకున్నాను. చేప లేదు, కోడి ఉంది, కారం వేయమంటారా వద్దా, ఆ బల్ల తుడవండి అని పేజీలు తిప్పుతూ చైనీసులో పాడాను. అధికారి టోపీ తీసి నిలబడ్డాడు. చివరి పేజీకి వచ్చి "మాన్ జౌ" అనే మాట మాత్రం రాగం తీయకుండా మామూలుగా అన్నాను. ఆ పక్కనే నా ఈడు సిపాయి ఒకడున్నాడు. దానికి అర్థమేమిటని అడిగాడు. నాకు తెలిసిన అరబ్బీలో చెప్పాను, "శ్వే శ్వే రూహ్ బైత్." మెల్లమెల్లగా ఇంటికి పో. అతను పుస్తకం నా చేతుల్లోంచి తీసుకుని, నేను చేసినట్టే కళ్ళకద్దుకుని, రెండు చేతులతో తిరిగి ఇచ్చాడు.

బస్సు కదిలాక మామ, ఈ బాస బానే కూడు పెట్టింది లేరా అన్నాడు. తర్వాత నేను మళ్ళీ కువైట్ వెళ్ళాను, ఎగైలాలో ఒకరింట డ్రైవరుగా. ఆ పొయ్యి దగ్గరికి మాత్రం ఎప్పటికీ చేరలేదు. గురువుగారి జాడా తెలియలేదు. మొన్న బీరువాలోంచి పుస్తకం తీస్తే, సాస్ రుచి మరిగిన చీమలు అక్షరాలన్నీ తినేసి, మూలలకు కర్రీ పౌడర్ మరకలు మాత్రం వదిలేశాయి. ఉప్పు లేదు కదా మరి. నవ్వుకుంటూనే కళ్ళకద్దుకుని లోపల పెట్టాను. తుపాకుల ముందు మెనూ భజన చేసిన ఆ కుర్రవాణ్ణి తలుచుకుంటే ఇప్పటికీ సిగ్గే. అయినా ఆ చివరి మాట మాత్రం వాడు దొంగగా చదవలేదు. ఆ సిపాయి ఇల్లు చేరి ఉంటాడా అని, ఎవరైనా మా గడప దిగేటప్పుడల్లా అనుకుంటాను.