తొట్టి మూత మీద కూర్చున్న మనిషి

మా తోడికోడలు పదకొండేళ్లుగా కోళ్ల ఫారంలో గ్యాస్ తొట్టి చూసుకుంటోంది. షెడ్ల కింద పెంట ఎత్తి, ఈకలు ఏరి, నీళ్లతో పలచగా కలిపి తొట్టిలో పోస్తుంది. ఫారం పనివాళ్లుండే మా ఇళ్ల లైన్లో పన్నెండిళ్ల పొయ్యిలు ఆ గ్యాస్‌తోనే వెలుగుతాయి. పచ్చి పెంట వేస్తే మాడి చచ్చే మొక్కలు, తొట్టిలో మగ్గి బయటికొచ్చిన మడ్డి పోస్తే ఏపుగా లేస్తాయి. ఇదంతా ఆమెకు ఏ బడీ నేర్పలేదు. నాకూ చదువు లేదు, కళ్లున్నాయి.

మొన్నామధ్య పొయ్యిలు ఆరిపోయాయి. లైన్లో ఆడవాళ్లంతా ఆమె మీద పడ్డారు, పనిదొంగ అని. నిన్నటిదాకా ఆ మంట మీద వండుకు తిన్న నోళ్లే!

జరిగింది వేరు. కోళ్లకు తెగులొచ్చిందని సూపర్‌వైజరు షెడ్లన్నీ మందు నీళ్లతో కడిగించాడు. ఆమె వద్దంటున్నా ఆ నీళ్లు తొట్టిలోకే తోయించాడు. పెంటను గ్యాస్‌గా మార్చే కంటికానని పురుగు కాస్తా చచ్చింది. గ్యాస్ రాకపోయేసరికి ఇంకో నాలుగు బండ్ల పెంట దింపమన్నాడు ఆ మహానుభావుడు.

ఆమె తొట్టి నోటికి చెక్కమూత వేసి, దాని మీద కూర్చుంది.

"లేమ్మా, బండి దించాలి."

"దించనివ్వను సార్. అజీర్తి చేసినవాడికి విందు పెడతారా? పది రోజులు పస్తుంచండి. తర్వాత పక్క ఫారం తొట్టిలోంచి మడ్డి తెచ్చి కొంచెం కొంచెంగా పోస్తా."

"నాకే చెప్తావా? రేపట్నుంచి పనిలోకి రాకు."

"లేస్తే కదా సార్, ఇంటికి పోయేది!"

నేను క్యారేజీ పట్టుకెళ్లాను. దారిలో ఆ ఆడవాళ్లకు పెట్టాల్సిన గడ్డి పెట్టే వెళ్లాను.

సాయంత్రానికి యజమాని వచ్చాడు. "నెల గడువు. అప్పటికీ పొయ్యిలు వెలగకపోతే పని మానెయ్యి" అన్నాడు.

ఇరవై రెండో రోజున మా పొయ్యి మీద నీలం మంట లేచింది. సూపర్‌వైజరు చూడ్డానికొచ్చి, "నేను ముందే అన్నాను, కాస్త ఓపిక పట్టాలని" అన్నాడు.

మా తోడికోడలు మొదటి టీ అతనికే పెట్టింది. నాకు ఒళ్లు భగ్గుమంది.

"వాడికెందుకే టీ?"

"తాగనీ అక్కా." ఆమె అతని వైపు తిరిగింది. "సార్, ఇంకోసారి మందు నీళ్లు పోయించారంటే మూత మీద నేను కూర్చోను. మిమ్మల్ని కూర్చోబెడతా."

అతను సగం టీ వదిలేసి పోయాడు. తప్పయిందన్న మాట అతని నోటా రాలేదు, ఆ పన్నెండిళ్ల నోటా రాలేదు. ఆమె మర్చిపోయిందట. నేను మర్చిపోను.