పెద్దనాయన చేత్తో కొన్న కంప్యూటర్

మా ఇంట్లో నా చెయ్యి మంచిది కాదు. దెబ్బ తగిలిందనో, వంకర పోయిందనో కాదు. రాత బాగుంటుంది, టైపింగ్ బాగుంటుంది, జొన్నరొట్టె తడితే గుండ్రంగా వస్తుంది. కానీ ఏ పనీ నా చేత్తో మొదలు కాకూడదు. కొత్త బియ్యం మూట విప్పేది నేను కాదు, కొత్త స్టవ్ వెలిగించేది నేను కాదు. అందరూ అయ్యాక నేను ముట్టుకోవచ్చు.

నాకు ఏడేళ్లప్పుడు మొదలైంది ఈ దరిద్రం. హాలహర్వి దగ్గర మా ఊళ్లో, విత్తనం రోజున ఇంటి ఆడపిల్ల చేత మొదటి గుప్పెడు వేయించేవాళ్లు. ఆ ఏడు నాకు తలంటి పోసి, కొత్త గౌను తొడిగి, చేనికి తీసుకుపోయి, దోసిట్లో శెనక్కాయ గింజలు పోశారు. వేశాను. అందరూ మురిసిపోయారు. ఆ తర్వాత వాన రాలేదు. మండలంలో ఎక్కడా రాలేదు, పక్కన కర్ణాటకలోనూ రాలేదు. అయినా మా అవ్వ నా చేతినే చూసింది. "పిల్ల సెయ్యి మంచిది కాదప్పా" అంది మా నాయనతో. మేఘాలను ఎవరూ ఒక్క మాట అనలేదు. ఆమె పోయి చాలా ఏళ్లయింది, ఆ మాట మాత్రం ఇంట్లోనే ఉంది.

మా పెద్దనాయన చెయ్యి బంగారం. ఆదోని పత్తి మార్కెట్లో దలాలీ చేస్తాడు. కుప్పలోకి మోచేతి దాకా చెయ్యి దూర్చి, లోపలి పత్తి పీకి, వేళ్ల మధ్య లాగి చూసి ధర చెబుతాడు. ఎద్దులు, ట్రాక్టరు, పెళ్లి నగలు, ఆఖరికి మిక్సీ కూడా మా ఇంట్లో ఆయన చేత్తోనే కొనాలి. డబ్బు ఎవరిదైనా సరే, అంగడివాడికి ఇచ్చేది ఆయన చెయ్యే.

వేసవి సెలవుల్లో ఆదోనిలో ఆయన ఇంటికి పోయేవాళ్లం. ఆయన కొడుక్కి టీవీకి తగిలించే ఆటల పెట్టె ఒకటి ఉండేది. అన్నా, వాడి స్నేహితులూ కార్ల పందెం ఆడుతుంటే నేను వెనక చాప మీద కూర్చొని చూసేదాన్ని. ఒకసారి కారు నడిపే రిమోట్ కోసం చెయ్యి చాపాను. "ఏయ్, ముట్టుకోవాకు! నువ్వు ముట్టుకుంటే ఓడిపోతాం" అన్నాడు. వాడికీ తెలుసన్నమాట! రెండు వేసవులు అలాగే చూశాను. ఏ మలుపు ఎడమకు, ఏ వంతెన దాటాక దారి ఇరుకవుతుంది, అన్నీ కంఠతా వచ్చు. రిమోట్ ఎంత బరువుంటుందో మాత్రం తెలియదు.

ఇప్పుడు నేను ఎమ్మిగనూరులో ఒక ప్రైవేటు బడిలో కంప్యూటర్ పాఠాలు చెబుతాను. అమ్మా నాయనా నా దగ్గరే ఉంటారు. పోయినేడు పెద్దనాయన ఇంట్లో పాత సామాన్లు పారేస్తుంటే ఆ ఆటల డిస్కులు కనబడ్డాయి. పెట్టె ఎప్పుడో చెడిపోయింది. డిస్కులు అడిగి తెచ్చుకున్నాను. ఆ పెట్టె చేసే పనిని కంప్యూటర్ చేత చేయించే ప్రోగ్రాములున్నాయి, ఎమ్యులేటర్లంటారు. తక్కువ ఖర్చులో ఒక కంప్యూటర్ అమర్చుకొని ఆ పందెం నేనే ఆడాలనుకున్నాను. నవ్వుకునేవాళ్లు నవ్వుకోండి. ఒక్క కొత్త వస్తువు, ఒకే ఒక్కటి, నా చేత్తో మొదలై చక్కగా నడవడం నేను చూడాలి. నాకు కావలసింది అంతే.

నాలుగు నెలలు చదివి జాబితా రాసుకున్నాను. ప్రాసెసర్‌లో నాలుగు కోర్లు, అంటే లెక్కలు చేసే భాగాలు, చాలు, కానీ కొత్త రకం కావాలి, ఒక్కొక్కటీ వేగంగా ఉండాలి. ఎమ్యులేటర్ పనంతా ఒకటి రెండు కోర్ల మీదే పడుతుంది. మిగతావి చేను గట్టున నిలబడ్డ ఎద్దుల్లా చూస్తుంటాయి. బొమ్మ చూపించే భాగం ప్రాసెసర్‌లోనే ఉంటే గ్రాఫిక్స్ కార్డు ఖర్చు తప్పుతుంది. అప్పుడు మెమరీ పెద్దది ఒకటి కాక చిన్నవి జంటగా పెట్టాలి, లేకపోతే బొమ్మ నత్తనడక నడుస్తుంది. ఇవన్నీ బిగించే డబ్బాకు లైట్లు అక్కర్లేదు. ఇంత చదివి, ఇంత రాసి, ఆ కాగితం నాయనకు చూపించాను.

"మీ పెద్దనాయనకు ఫోన్ సేస్తా" అన్నాడు నాయన.

నేను అరిచాను, అలిగాను, ఒక పూట అన్నం మానేశాను. అమ్మ ఏడ్చింది. అమ్మ ఏడిస్తే నేను నిలబడలేను, ఆ సంగతి అమ్మకూ తెలుసు. చివరికి నా జీతం డబ్బు పెద్దనాయన చేతిలో పెట్టి, ఆయన వెనకే ఆదోనిలో అంగడికి పోయాను.

అంగడివాడు నా కాగితం చూసి పెదవి విరిచాడు. "ఇదేందన్నా, నాలుగు కోర్లే రాసినారు? ఇదే రేటుకి పద్నాలుగు కోర్లది ఇస్తా."

"పద్నాలుగా!" పెద్దనాయన ముఖం వెలిగిపోయింది. "నాలుగు యాడ, పద్నాలుగు యాడ!"

"పెద్దనాయనా, అది ఎప్పటిదో పాతది. ఎన్ని ఉండాయని కాదు, ఒక్కొక్కటి ఎంత..."

"గమ్మునుండు పాపా. మొదలుపెట్టే యాళ నోరెత్తాకు."

ఆ పాత ప్రాసెసర్‌కు గ్రాఫిక్స్ కార్డు కూడా కావాలన్నాడు వాడు. ఇటుకంత కార్డు ఒకటి తీసిచ్చాడు. పెద్దనాయన దాన్ని అరచేతిలో ఆడించి బరువు చూశాడు. డబ్బాను వేలి కణుపులతో తట్టాడు. పత్తిలో దూర్చినట్టే దాని లోపలికీ చెయ్యి దూర్చి చూశాడు! "బరువుండాది. సరుకుండాది" అన్నాడు. నా డబ్బు కళ్లకద్దుకొని వాడికిచ్చాడు. చుట్టూ రంగురంగుల లైట్లు తిరిగే డబ్బాతో బయటికొచ్చాం. ముఖాన నవ్వు పులుముకొని నేనూ వచ్చాను.

"రేపు పొద్దున తొమ్మిదికి మంచి గడియ. అంతవరకు ముట్టుకోవాకు" అని చెప్పి పంపించాడు.

నేను ఆగలేదు. ఆ సాయంత్రమే, అమ్మ కూరగాయలకు పోయినప్పుడు, బటన్ నొక్కాను. డిస్కు నుంచి బడిలో కాపీ చేసి పెట్టుకున్న ఆట ఎక్కించాను. కారు నాలుగడుగులు నడుస్తుంది, ఆగుతుంది. ఇంజను చప్పుడు నత్తివాడి మాటలా ముక్కలు ముక్కలుగా వస్తోంది. నాకు ఆశ్చర్యం లేదు. కడుపు మంట మాత్రం ఉంది.

మర్నాడు తొమ్మిదికి నాయన టెంకాయ కొట్టి బటన్ నొక్కాడు. మళ్లీ అదే నత్తనడక. అమ్మ నా వైపు తిరిగింది. "నువ్వు ముందే ముట్టుకున్నావా?"

అబద్ధమాడి ఉండాల్సింది. "ఊ" అన్నాను.

"అన్న కొనిచ్చిన వస్తువు ఇంతవరకు సెడింది లేదు" అన్నాడు నాయన, నా చేతిని చూడకుండా. చూడకపోవడమే ఎక్కువ కాలింది నాకు. ప్రాసెసర్ గురించి చెప్పబోయాను. "సాల్లే అమ్మీ, పోనీ" అంది అమ్మ జాలిగా. ఆ జాలిని ఏ గంగలో కలపాలి!

మూడు వారాలు గడిచాయి. ఎమ్మిగనూరులోనే పాత కంప్యూటర్ సామాను అమ్మే ఒకాయన ఉన్నాడు. ఆయన నా కాగితం చదివి, "తెలిసే రాసినావక్కా" అన్నాడు. ఆ ఒక్క మాటకు నాకు కళ్లలో నీళ్లు తిరిగాయి, సిగ్గులేకుండా. పద్నాలుగు కోర్ల ప్రాసెసర్, దాని బోర్డు, ఇటుకలాంటి కార్డు, మెమరీ, ఇంకా డబ్బా లోపల ఉన్నవన్నీ ఆయనకిచ్చేసి, పైన కొంత వేసి, నేను రాసుకున్నవే తెచ్చుకున్నాను. ఇంట్లో చెప్పలేదు.

ఆదివారం మధ్యాహ్నం నాయన ఊరికి పోయాడు, అమ్మ వంటింట్లో ఉంది. నేలమీద బట్ట పరిచి అన్నీ నేనే బిగించాను. ప్రాసెసర్ కూర్చోబెట్టాను, మెమరీ జంటగా గుచ్చాను, వైర్లు కట్టాను. పెద్దనాయన చేత్తో కొన్నవాటిలో పనికొచ్చిందంటూ ఆ లైట్ల డబ్బా ఒక్కటే మిగిలింది. చివరి స్క్రూ తిప్పి, బటన్ మీదికి వేలు పెట్టాను.

వేలు దిగలేదు.

అన్నీ సరిగ్గా ఉన్నాయని తెలుసు. పిల్లలకు ఈ పాఠమే చెప్పి జీతం తీసుకుంటాను. వానకూ నా గుప్పెడు గింజలకూ సంబంధం లేదని ఎవరితోనైనా వాదిస్తాను. అయినా దిగలేదు. ఈసారి నడవకపోతే ఇక తప్పు వేయడానికి పెద్దనాయన కూడా లేడు. వేలు తీసేసి వంటింటి వైపు తిరిగాను.

"అమ్మా, ఒకసారి ఇట్ల రా."

"యాలమ్మీ?"

"ఈ బటన్ నొక్కు."

అమ్మ చేతులు కొంగుకు తుడుచుకొని వచ్చి నొక్కింది. కంప్యూటర్ లేచింది. ఆట లేచింది. కారు ఎక్కడా ఆగకుండా దూసుకుపోయింది, వంతెన దాటింది, ఇరుకు దారిలో దూరింది. కంప్యూటర్‌కు తగిలించిన రిమోట్ నా చేతుల్లోనే ఉంది. మొదటి పందెం గెలిచాను.

"సూసినావా? మీ పెద్దనాయన సెయ్యి యాడికి పోతాది!" అంది అమ్మ. సంతోషం పట్టలేక అప్పుడే ఆదోనికి ఫోన్ చేసి, నా చెవి దగ్గర పెట్టింది.

"ఎట్ల నడుస్తాంది పాపా?" అన్నాడు పెద్దనాయన.

లోపల ఆయన కొన్న ముక్క ఒక్కటీ లేదని చెప్పొచ్చు. చెబితే, మరి మొదట నొక్కిందెవరని అడుగుతాడు. నా వేలు దిగలేదని ఒప్పుకోవాల్సి వస్తుంది.

"బాగా నడుస్తాంది పెద్దనాయనా. నీ చెయ్యి మంచిది" అన్నాను.