తెర మీద బాపు, మగ్గం గుంతలో నేను

ఒక్క ఫోటో తీయబోయి, భీవండిలో నిక్షేపంగా బతికున్న మా బాపును, అంటే నాన్నను, చంపిన ఘనుణ్ణి నేను. కంగారుపడకండి. హత్య కాదు, కళాసేవ.

అప్పట్లో మేం సిరిసిల్లలో ఉండేవాళ్లం. బాపు మరమగ్గాల పనికి బొంబాయి దగ్గరి భీవండి పోయాక ఇంట్లో చేతిమగ్గం అమ్ముడుపోయింది. నేసేవాడు కాళ్లు పెట్టుకునే గుంత మాత్రం ముందు గదిలో మిగిలింది. ఆ గదిలోనే నేను ఫోటో స్టూడియో పెట్టాను. ఆలు లేదు చూలు లేదు కొడుకు పేరు సోమలింగమన్నట్టు, పరదా లేదు, లైట్లు లేవు, గుమ్మం మీద బోర్డు మాత్రం నిలువెత్తున ఉంది. ఊళ్లో ఉన్న ఇంకో స్టూడియోలో పూలతోటలు, మేడమెట్లు గీసిన పరదాలుండేవి. అవి గీయించే తాహతు నాకు లేదు. అందుకని మూతపడిన టూరింగ్ టాకీసు నుంచి, గాజుపలక మీది బొమ్మను గోడంత చేసి చూపే ప్రొజెక్టరొకటి తెచ్చుకున్నాను. తెల్లపంచె కట్టి, దాని వెనకనుంచి బొమ్మ వేస్తే, ముందు కూర్చున్న మనిషి ఏ తోటలోనో ఉన్నట్టు ఫోటోలో పడతాడు. ఏం తెలివిరా వీడిది అని మీరు అనకపోయినా, నేను రోజూ అనుకునేవాణ్ణి.

ఇక మా అవ్వ, అంటే మా అమ్మ, సంగతి. ఆమెకు బాపుతో కలిసి దిగిన ఫోటో ఒక్కటి కూడా లేదు. బాపు ఏడాదికోసారి బతుకమ్మకు వచ్చేవాడు. ఫోటో మాటెత్తితే "వచ్చే ఏడు సూద్దాంతీ" అనేవాడు. నేను స్టూడియో పెట్టిన ఏడు బాపు అసలు రానే లేదు. సేటు సెలవియ్యలేదని కబురొచ్చింది. అవ్వ ఎప్పుడో భీవండి నుంచి బాపు పంపిన ఒంటరి ఫోటోను కొంగుతో తుడిచి తుడిచి మూలలు అరగదీసింది. అది చూసినప్పుడల్లా నా ప్రాణం ఉసూరుమనేది.

ఒకనాడు నాకు మెరుపులాంటి ఆలోచన వచ్చింది. మెరుపు వెనక పిడుగుంటుందని తోచలేదు. తోటలకు బదులు తెర మీద బాపునే వేస్తే? ముందు అవ్వను కూర్చోబెడితే? జంట ఫోటో తయారు! అరిగిన ఫోటోను మళ్లీ ఫోటో తీసి, బాపును గాజుపలక మీదికి ఎక్కించాను. మధ్యాహ్నంపూట కిటికీలు మూసి గదంతా చీకటి చేశాను. అవ్వ కొత్త చీర కట్టుకుని, పెద్ద బొట్టు పెట్టుకుని వచ్చి కుర్చీలో కూర్చుంది. ప్రొజెక్టరు వెలిగించాను.

తెల్లపంచె మీద బాపు ప్రత్యక్షమయ్యాడు. అవ్వ వెనక్కి చూసి, తేలు కుట్టినట్టు లేచి, తల మీదికి కొంగు లాక్కుంది.

"లేస్తవేందే అవ్వా! గది బొమ్మనే."

"బొమ్మయితేంది? మీ బాపు నిలవడ్డంక నేను కుర్చీల కూసుంటనారా?"

"సరే, నిలవడే దిగు. జర ఇటు తిరుగు."

"ఆయన దిక్కు వీపు పెట్టమంటవా? పెండ్లయిన కాన్నుంచి ఎన్నడన్న పెట్టిన్నా?"

చూశారా నా తెలివి! లోకంలో ఎవరైనా వెనక పరదాకు వీపు పెట్టే కదా ఫోటో దిగేది. ఆ పరదా మొగుడైతే ఏ ఇల్లాలు వీపు పెడుతుంది? ఈ చిక్కు ఏ ఫోటోల పుస్తకంలోనూ రాసి లేదు.

"అవ్వా, నీ కాల్మొక్త, ఒక్కపారి ఇటు సూడు!"

ఆమె నా మాట వినడం ఎప్పుడో మానేసింది. తెరకు దగ్గరగా నిలబడి బాపును చూస్తోంది.

"కండ్లు గుంజుకపోయినయి. అక్కడ తింటున్నవా లేదా?" అని అడిగింది. తర్వాత చాలా మెల్లగా అంది, "బతుకమ్మకు గూడ రాకపోతివి."

నాకు ఏడుపొచ్చింది. కెమెరా మీది నల్లగుడ్డలో తల దూర్చాను కాబట్టి ఎవరికీ కనబడలేదు. తెర మీది వెలుతురు పలచన, మనిషి కాసేపు కదలకుండా ఉంటేనే బొమ్మ పడుతుంది. అవ్వ ఇప్పుడు రాయిలా నిలబడింది. ముఖం లేకపోతే పోనీ అని ఫోటో తీసేశాను.

సరిగ్గా అప్పుడే పక్కింటి లచ్చవ్వ పెద్దమ్మ గంజి కోసం వచ్చి తలుపు తోసింది. చీకటి గది. తెల్లబట్ట. దాని మీద వెలిగిపోతున్న బాపు ముఖం. ముందు నిలబడి కన్నీళ్లు తుడుచుకుంటున్న అవ్వ.

"అయ్యో నా మరిదో! ఎంత పనాయెరో!" అని పెద్దమ్మ గుండెలు బాదుకుంది.

ఆ కేకకు నేను నల్లగుడ్డతో సహా వెనక్కి గెంతి, మగ్గం గుంతలో పడ్డాను. "బాపు సావలే, పెద్దమ్మా! బతికే ఉన్నడు!" అని గుంతలోంచి అరిచాను.

"పోరనికి మతి పోయింది పాపం" అంది పెద్దమ్మ.

నేను పైకి పాకేలోపు వాడంతా మా వాకిట్లో ఉంది. ఎవరో అవ్వ తల నిమురుతున్నారు. "అది ఫోటో" అని అవ్వ మొత్తుకున్నా వినేవాడు లేడు. మా మేనమామ నర్సయ్య అప్పటికే పోస్టాఫీసుకు ఉరికి, భీవండి సేటుకు తార్, అదే టెలిగ్రాం, కొట్టించాడు: "మా బావ శవం ఆపండి. బయలుదేరుతున్నాం."

తప్పయింది, క్షేమమే అని మర్నాడు ఇంకో తార్ పంపాం. అది అందేలోపే శవం రైలెక్కింది.

ఒక మధ్యాహ్నం అవ్వ కూలికి నూలు కండెలు చుడుతుంటే గుమ్మంలో నీడ పడింది. భుజాన సంచితో బాపు!

"నన్ను ఆపుమన్నరట గద! మీకు తక్లీఫ్ ఎందుకని నేనే మోసుకొచ్చిన" అన్నాడు. "సేటు తార్ సదివిండు, నన్ను జూసిండు, మల్ల సదివిండు. బతికుండి అడిగితె సెలవియ్యలే. సచ్చినంక అడగకముందే ఇచ్చిండు!"

వాడంతా నవ్వింది. అవ్వ నవ్వలేదు. కాళ్లకు నీళ్లు తెచ్చింది కానీ, ఆయన ముఖమే చూస్తూ నడిచి సగం చెంబు దారిలోనే ఒలకబోసింది.

ఆ సెలవులో ఇద్దరినీ వాకిట్లో, నిండు ఎండలో నిలబెట్టి అసలు ఫోటో తీశాను. అవ్వ బుద్ధిగా కెమెరా వైపు చూసింది. నా జన్మలో అంత మంచి ఫోటో తీయలేదు. బాపు భీవండి బయలుదేరిన రోజు రెండు ఫోటోలూ ఇచ్చాను. ఆయన మంచిదాన్ని నాకు తిరిగిచ్చి, తెర ముందు తీసినదాన్ని అంగీ జేబులో పెట్టుకున్నాడు.

"గండ్ల అవ్వ ముఖమే లేదు గద బాపూ! కొంగొక్కటే కనవడుతది."

"కనవడకుంటేంది?" అని నా చేతిలోని ఫోటో చూపించి, తర్వాత తన జేబు తట్టాడు. "గిండ్ల నీ దిక్కు సూసింది. గండ్ల నా దిక్కు సూస్తున్నది" అన్నాడు.

అవ్వ చటుక్కున లోపలికి పోయింది. బస్టాండులో బాపు ఎక్కిన బస్సు కదిలేదాకా నేను కూడా తల ఎత్తలేదు.

ఆనాడే కెమెరా మీద చెయ్యేసి ఒట్టు పెట్టుకున్నాను: ఈ జన్మలో ఏ ఆడమనిషి వెనకా ఆమె మొగుణ్ణి పరదాగా వెయ్యను. వేస్తే చార్మినారే వేస్తాను. చార్మినార్ ఇంకా ఇంటికి రాలేదని కళ్లు కాయలు కాచేలా చూసేవాళ్లు మా వాడలో ఎవరూ లేరు.