కొండ దిగిన కాఫీ మొక్కలు

డెబ్భయ్యో దశకంలో, రేపల్లెలో మా పక్కింటి బాబాయిగారు అనంతగిరి కాఫీ తోటల్లో మేస్త్రీగా చేసి వచ్చినవారు. కొండమీది చలికి పిన్నిగారి ఉబ్బసం ముదిరిందని ఉద్యోగం మానేసి కిందికి దిగారు. వస్తూ ఏడు కాఫీ మొక్కలు తెచ్చి, పెరట్లో మామిడి చెట్టు నీడన నాటారు. ఎండాకాలం వడగాలి మొదలవగానే వెళ్ళి, పిల్లల జ్వరం చూసినట్టు ఒక్కో ఆకునూ వేళ్ళ వెనకవైపుతో తాకి చూసేవారు.

నేను తెనాలి కాలేజీలో చేరేనాటికి మూడే బతికాయి. నాలుగో ఏట కాశాయి. గింజలు ఎండబెట్టి గ్లాసు నీళ్ళలో వేస్తే సగానికి పైగా తాలుగింజల్లా తేలిపోయాయి.

"చల్లగా ఉంటే కాయ నిదానంగా పండుతుందమ్మా, గింజ గట్టిపడుతుంది. ఇక్కడ ఎండ తొందరపెట్టేస్తుంది," అన్నారు బాబాయిగారు నాతో.

గుమ్మంలో నిలబడ్డ పిన్నిగారు, "నా మూలానే కదండీ ఇదంతా! మీరు మళ్ళీ కొండకి వెళ్ళిపోండి. నేనిక్కడే ఉంటాను," అన్నారు.

ఆయన ఆ సాయంత్రమే మూడు మొక్కలనూ పీకేశారు. కొండకు మళ్ళీ వెళ్ళలేదు.

ఆ తర్వాత పిన్నిగారు దగ్గొచ్చినప్పుడల్లా మా ఇంటికి వచ్చి, కొంగు నోటికి అడ్డం పెట్టుకుని, ఆయనకు వినపడకుండా దగ్గి వెళ్ళేవారు.